లేని తాత అడ్రసు

పోయిన వారం మనం తలుపు దగ్గర ఆగాం. ఆగింది మనమే, తలుపు ఆగలేదు. బందులతో సహా ఊడి, ఎగిరి వెళ్ళి, రేడియో స్టేషన్ హాల్లోని సోఫాలో కూర్చుంది, ఇంటర్వ్యూకి పిలిస్తే వచ్చినట్టు.

ఆ తలుపుని తన్నినవాడు చిన్న టైరు. కింద టైర్ల దుకాణం నడిపే అన్నదమ్ముల్లో తమ్ముడు కాబట్టి ఆ పేరు, అంతేగానీ ఒంట్లో చిన్నదంటూ ఏమీ లేదు. లారీని లేపాలంటే అందరూ జాకీ వెతుకుతారు. జాకీ కనబడకపోతే వీణ్ణి వెతుకుతారు. ఈ పొద్దున వాళ్ళన్న పెద్ద టైరు చక్రం బిగిస్తూ బిగిస్తూ పక్కకి ఒరిగిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు, నోట్లో మాట అన్నీ ఒకేసారి పోయాయి. తమ్ముడు అన్నని భుజాన వేసుకుని ఆసుపత్రిలో చేర్చి, తిరిగొచ్చి, టైర్లు ఊడదీసే ఇనప కడ్డీ తీసుకుని మెట్లెక్కాడు. ఎవరి కోసమంటే తోట తాత కోసం.

ఆ తాత సంగతి మర్చిపోయినవాళ్ళకి ఒక్క ముక్క. ఆ స్టేషన్లో రోజూ పదకొండింటికి 'ఆరోగ్యం అడగండి' వస్తుంది. ముందు ఒక పెద్ద డాక్టరు కొత్త పరిశోధనల గురించి మాట్లాడతాడు, తర్వాత జనం ఫోన్లు చేసి తమ దగ్గులూ తుమ్ములూ విన్నవించుకుంటారు. డాక్టర్లని అడిగే ఆవిడని వీధంతా ప్రశ్నలమ్మ అంటుంది. అద్దం ఇవతల మిషన్ల ముందు కూర్చునేవాడు చిలక. ఎవరి గొంతయినా ఒక్కసారి వింటే దించేస్తాడు. కార్యక్రమం మొదట్లో వచ్చే 'అడగండి అడగండి, ఆరోగ్యం అడగండి' అనే పాట కూడా అతను కట్టిందే. ఆ చుట్టుపక్కల పిల్లలకి మొదటగా వచ్చే మాట అమ్మ కాదు, అడగండి.

ఫోన్లు రాని రోజున రేడియో మూగబోకూడదు కదా. అలాంటప్పుడు చిలక పక్కగదిలోకి వెళ్ళి తనే ఫోన్ చేస్తాడు. ఒకరోజు నెలలు నిండిన ఆడమనిషి, ఒకరోజు రిటైరైన మాస్టారు, ఒకరోజు ఒకే ఫోన్లో కొట్టుకుంటున్న అత్తాకోడళ్ళు, ఇద్దరూ. ఈ సంగతి ప్రశ్నలమ్మకి తెలుసు, డాక్టర్లకి తెలియదు. తోట తాత కూడా అలా చిలక గొంతులో పుట్టినవాడే.

పోయిన నెల ఆ తాత ఫోన్ చేసి, కుడి చెయ్యి తిమ్మిరెక్కి, మూతి పక్కకి లాగి, కాసేపటికి సర్దుకుందన్నాడు. సర్దుకున్నా సరే, ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి, పెద్ద పక్షవాతం రాబోయే ముందు ఇలా ఓసారి తలుపు తట్టి వెళ్తుంది అన్నాడు నరాల డాక్టరు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాతి వారం డాక్టరుకి ఆసుపత్రి నుంచి కబురొచ్చి మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. ఫోన్లు లేవు, టైము మిగిలింది. చిలక మళ్ళీ తాతయ్యాడు. "డాక్టరు గారు ఉత్తినే హడలగొట్టారమ్మా. చెయ్యి ఇలా దులిపాను, పోయింది. ఇప్పుడు పూలకుండీలు మోస్తున్నాను" అన్నాడు. ప్రశ్నలమ్మ నవ్వింది. కింద, అదే తిమ్మిరితో, ఆసుపత్రికి బయల్దేరదామని ఉతికిన చొక్కా తొడుక్కుంటున్న పెద్ద టైరు కూడా నవ్వాడు. చెయ్యి దులుపుకుని, చొక్కా విప్పేసి, పనిలోకి దిగాడు.

ఇక్కడివరకూ పాత కథ. ఇప్పుడు తలుపు సోఫాలో ఉంది.

స్టూడియో గోడలకి మెత్తలు కుట్టి ఉంటాయి, లోపలికి బయటి చప్పుడు రాదు. అందుకని నరాల డాక్టరు ఇస్త్రీ మడత నలగకుండా కూర్చుని తీరిగ్గా చెబుతున్నాడు.

"పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళలో కొందరు మాట్లాడలేరు గానీ పాడగలరమ్మా. మాటకి ఎక్కువగా మెదడులో ఎడమ పక్క పనిచేస్తుంది. రాగం వచ్చేసరికి కుడి పక్క కూడా ఓ చెయ్యి వేస్తుంది. అందుకే మాటలకి రాగం కట్టి నేర్పించే పద్ధతి ఒకటుంది. దాని మీద పరిశోధనలు జరుగుతున్నాయి."

"అంటే డాక్టరు గారూ, మంచినీళ్ళు కావాలన్నా పాడాలా?"

"పాడితే తప్పేముంది? మా ఇంట్లో మామూలుగా అడిగితే ఎవరూ ఇవ్వరు."

"మరి అందరికీ పనిచేస్తుందా?"

"అందరికీ అని నేను చెప్పను. చెప్పేవాళ్ళని నమ్మొద్దు."

అద్దం ఇవతల చిలక పని మర్చిపోయి వింటున్నాడు. ఇంట్లో అమ్మ రేడియో పెట్టుకునే ఉంటుంది, అయినా సాయంత్రం వెళ్ళి ఈ ముక్క మళ్ళీ చెప్పాలి అనుకున్నాడు. సాయంత్రం దాకా ఉంటాననే అతని నమ్మకం.

హాల్లో వాచ్‌మన్ బాబాయి అడ్డం వెళ్ళాడు, పాపం. చిన్న టైరు ఆయన్ని ఎత్తి మెట్ల దగ్గరున్న నీళ్ళ డ్రమ్ములో కూర్చోబెట్టాడు. ఆయన ఈ భాగం అయిపోయేదాకా అందులోనే ఉంటాడు. బయటికొస్తే మళ్ళీ పెడతాడేమోనని భయం.

తర్వాత ఒక అరచెయ్యి వచ్చి చిలక మెడని వెనకనుంచి పట్టుకుంది. గ్రీజు వాసన. చిలక కుర్చీ చక్రాలు నేలమీద నుంచి లేచాయి, కుర్చీలోంచి చిలక లేచాడు. ఎవరు, ఎందుకు అని అడిగే వ్యవధి లేదు. స్టూడియోకీ మిషన్ల గదికీ మధ్య ఉన్నది రెండు పొరల అద్దం. దాన్ని దాటి అవతలికి శబ్దం వెళ్ళదు. చిలక వెళ్ళాడు.

మైకు మీదా, ప్రశ్నలమ్మ ఒళ్ళోనూ, డాక్టరు గారి ఇస్త్రీ మడతల్లోనూ అద్దం ముక్కలు పడ్డాయి. చిలక బల్లమీద బోర్లా పడి, జారి, మూతితో కుర్చీ కోడుని గుద్దుకున్నాడు. నోట్లో ఏదో గులకరాయిలా తగిలింది. ఉమ్మితే పన్ను. దాని వెనకే ఇంకోటి వచ్చింది, ఒక్కదాన్నే పంపడం ఎందుకన్నట్టు.

గోడమీద ఎర్రబల్బు వెలుగుతూనే ఉంది. అంటే ఇదంతా రేడియోలో పోతోంది.

చిన్న టైరు పగిలిన అద్దంలోంచి లోపలికి వచ్చాడు. మోచేతి నుంచి రక్తం కారుతోంది, దాన్ని పట్టించుకోలేదు. ప్రశ్నలమ్మ వైపు తిరిగి, చెప్పులు గుమ్మం బయట విప్పలేదని గుర్తొచ్చినవాడిలా ఒక్క క్షణం ఆగాడు.

"అక్కా, భయపడకండి. మీరంటే మాకు గౌరవం. మీరు చెప్పారని మా అన్న సిగరెట్టు మానేశాడు. ఉప్పు తగ్గించాడు. పొద్దున్నే లేచి నడిచాడు. మీ రేడియో ఏం చెబితే అది చేశాడు." కడ్డీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "తగ్గిపోయిందని తోట తాత చెయ్యి దులపమంటే దులిపాడు. ఈ పొద్దున కుడి పక్కంతా పడిపోయింది."

"మైకు... మైకు ఆపనీ తమ్ముడూ" అంది ప్రశ్నలమ్మ.

"మైకు ఆపితే ఆపిన చెయ్యి ఆగిపోతుంది. ఆ ముసలాడు వినాలి. ఎక్కడున్నా వినాలి. వాడి అడ్రసు చెప్పండి, నేను వెళ్ళిపోతాను."

ప్రశ్నలమ్మ చిలక వైపు చూసింది. చిలక నేల వైపు చూశాడు. నేల మీద అతని పళ్ళున్నాయి, అవీ ఏం మాట్లాడలేదు.

"మా దగ్గర అడ్రసులు ఉండవయ్యా" అంది.

"అయితే డాక్టరు గారి దగ్గర ఉంటుంది." చిన్న టైరు డాక్టరు కుడి చేతిని, పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకున్నంత మర్యాదగా పట్టుకుని, బల్లమీద పరిచాడు. దాని మీద కడ్డీ ఆనించాడు. "ఆ తోట తాత మీ పేషెంటే కదా. ఎక్కడుంటాడు?"

డాక్టరు కళ్ళజోడు ఒక చెవికే వేలాడుతోంది. ఆయన కడ్డీనీ చూశాడు, వాణ్ణీ చూశాడు.

"నాకు తెలియదు" అన్నాడు. "తెలిసినా చెప్పను."

"రెండో ముక్క ఎందుకన్నారు డాక్టరు గారూ? మొదటి ముక్కతో ఆపితే నమ్మేవాణ్ణి."

"చూడు బాబూ, మీ అన్నకి ఇప్పుడు ఒక్కో నిమిషం విలువైంది. నన్నక్కడికి వెళ్ళనివ్వు. నేను పనికొచ్చే చోటు అది."

"అక్కడ డాక్టర్లున్నారు. నాకు ముసలాడు కావాలి."

"ఒక పెద్దాయన నన్ను నమ్మి తన జబ్బు చెప్పుకున్నాడు. ఆయన్ని తీసుకెళ్ళి నీ కడ్డీకి అప్పజెప్పమంటావు. కడ్డీ చూపించి అడిగినా చెప్పను, కాళ్ళు పట్టుకుని అడిగినా చెప్పను. ఆయనెవరో గానీ మంచి మనిషి. పూలమొక్కలంటే ప్రాణం ఆయనకి."

నేలమీద చిలక ఇదంతా విన్నాడు. డాక్టరు గారు తాతని కాపాడుతున్నాడు. ఆ తాతకి ఇల్లు లేదు, తోట లేదు, పూలకుండీ అంతకన్నా లేదు. లేని మనిషి గుట్టు కాపాడటానికి ఉన్న మనిషి వేళ్ళు పణంగా పెట్టాడు. ఇప్పుడు లేచి ఒక్క మాట చెబితే చాలు. చిలక నోరు తెరిచాడు. కడ్డీ వైపు చూశాడు. నోరు మూశాడు.

"క్షమించండి డాక్టరు గారూ" అన్నాడు చిన్న టైరు. "చిటికెన వేలితో మొదలుపెడతాను. దానితో పెద్ద పనేం ఉండదు."

చప్పుడు పెద్దగా రాలేదు. పెన్సిలు విరిగినంత. కానీ మైకు మంచి మైకు, ఊరంతా వింది.

డాక్టరు అరవలేదు. ముఖం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. రోగి కాగితాలు చదివే గొంతుతో, "చిటికెన వేలు. మధ్య ఎముక విరిగింది" అన్నాడు. తర్వాత పక్కకి వంగి, తన షూ మీద వాంతి చేసుకున్నాడు.

ప్రశ్నలమ్మ లేచి మైకు స్టాండు పీకి, రెండు చేతులా ఎత్తి చిన్న టైరు నెత్తిమీద ఒక్కటిచ్చింది. స్టాండు వంగింది. వాడు వంగలేదు. "అక్కా, కూర్చోండి, చెయ్యి నొప్పెడుతుంది" అని స్టాండు తీసుకుని, మోకాలి మీద సరిచేసి, మళ్ళీ ఆమె ముందు పెట్టాడు. అతని నెత్తి మీంచి రక్తం కనుబొమ్మ దాకా వచ్చి అక్కడ ఆగింది.

ఈలోగా ఫోన్ లైట్లన్నీ వెలిగాయి. అన్ని లైన్లూ. చిలక ఉద్యోగంలో చేరాక అసలైన శ్రోతలు ఇంతమంది ఒకేసారి ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"ఎత్తండి" అన్నాడు చిన్న టైరు. "ముసలాడే అయ్యుంటాడు."

ప్రశ్నలమ్మ మీట నొక్కింది. ఎవరో ఆడమనిషి. "హలో అమ్మా, పోలీసులకి చెప్పాం, బయల్దేరారట. డాక్టరు గారూ, ఆ విరిగిన వేలిని పక్క వేలితో కలిపి కట్టుకోండి. పోయినసారి మీ ప్రోగ్రాంలోనే చెప్పారు."

"సరైన సలహా అమ్మా" అన్నాడు డాక్టరు, పళ్ళు బిగబట్టి. "మధ్యలో దూది పెట్టాలి, అది చెప్పు."

"అలాగే. ఇంకో చిన్న డౌటు, మా వాడికి రెండ్రోజుల నుంచి పొడిదగ్గు..."

చిన్న టైరు ఫోను పెట్టేశాడు. "పోలీసులు మెట్లెక్కేలోపు మన పని అయిపోతుంది" అని, కడ్డీని ఉంగరం వేలి మీదకి జరిపాడు. "డాక్టరు గారూ, దీనితో పని ఉంటుంది."

"తోట తాత లేడు."

ఆ మాట అన్నది నేలమీదున్న చిలక. రెండు పళ్ళు లేకపోవడం వల్ల మాటలో సగం గాలే వచ్చింది.

"ఏంట్రా?"

"అలాంటి తాత ఎవరూ లేరన్నా. నేనే మాట్లాడాను. ఫోన్లు రానప్పుడు నేనే చేస్తాను. అందరూ నేనే."

చిన్న టైరు అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. మీసం కూడా సరిగా రాని మొహం. "డాక్టరు గారి వేలు కాపాడదామని అబద్ధమాడుతున్నావు. మంచివాడివే. పక్కకి జరుగు."

"నిజమన్నా. అక్కని అడుగు."

"నిజమే" అంది ప్రశ్నలమ్మ. ఆమె గొంతు ఎప్పుడూ అంత చిన్నగా పలకలేదు.

"అయితే మాట్లాడు. ఆ ముసలాడిలా మాట్లాడు చూద్దాం."

చిలక గొంతు సవరించుకున్నాడు. ఊళ్ళో ఎవరి గొంతయినా అతని జేబులో చిల్లరలా ఉండేది, చెయ్యి పెడితే వచ్చేది. ఇప్పుడు పెడితే ఏమీ తగల్లేదు. పెదవి చీలి బూరెలా పొంగింది, నాలుక పళ్ళ సందులోకి జారిపోతోంది. "డాక్టరు గారూ" అన్నాడు. అది తాత కాదు. జలుబు చేసిన కప్ప. మళ్ళీ అన్నాడు. ఈసారి కప్ప కూడా కాదు.

"చూశావా" అని చిన్న టైరు కడ్డీ పైకెత్తాడు. డాక్టరు కళ్ళు మూసుకున్నాడు.

చిలక కూడా కళ్ళు మూసుకున్నాడు. ఈసారి డాక్టరునీ రేడియోనీ తలుచుకోలేదు. చిన్నప్పుడు తనని సైకిలు ముందు కూర్చోబెట్టుకుని తొక్కుతూ, మెడ మీద గడ్డం గుచ్చుకునేలా వంగి మాట్లాడే ఒక మనిషిని తలుచుకున్నాడు. గొంతు దానంతట అదే వచ్చింది.

"ఒరేయ్ బుజ్జిగా, గట్టిగా పట్టుకో. పడిపోతావ్."

ఎత్తిన కడ్డీ ఎత్తినట్టే ఉంది. చెయ్యి దులిపాను, పోయింది అన్నది ఆ గొంతే. సందేహం లేదు.

చిన్న టైరు డాక్టరు చెయ్యి వదిలేశాడు. ఆ తర్వాత జరిగింది ఎంతసేపు జరిగిందో విన్నవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. కడ్డీ కింద పడేశాడు, దాని అవసరం లేదనుకున్నాడు. చిలకని చొక్కా పట్టి లేపి మెత్తల గోడకి కొట్టాడు. గోడకి మెత్తలున్నాయి కాబట్టి చప్పుడు రాలేదు. అందుకని ఈసారి బల్లకి కొట్టాడు. పిడికిలి పడినప్పుడల్లా "దులుపు" అన్నాడు. "దులుపు. దులిపితే పోతుందిగా. దులుపు." చిలక కన్ను ఒకటి మూసుకుపోయింది. పక్కటెముకల్లో ఏదో చిన్నగా పలికింది. చెవిలో కార్యక్రమం అయిపోయాక రేడియోలో వచ్చే గుయ్యిమనే మోత. ప్రశ్నలమ్మ వాడి వీపు మీద పడి జుట్టు పీకుతోంది. వాడికి ఆమె ఉన్నట్టే తెలియలేదు.

ఆపింది డాక్టరే. లేచి, ఇద్దరి మధ్యకీ వచ్చి, ఎడమ చేత్తో చిలక చెంప చెళ్ళుమనిపించాడు. ఇది ఎవరూ ఊహించలేదు కాబట్టి చిన్న టైరు కూడా ఆగాడు.

"అంటే" అన్నాడు డాక్టరు, వేలాడుతున్న చిటికెన వేలు చూపిస్తూ, "ఇది లేని మనిషి కోసం విరిగిందా?"

చిలక తల వంచుకున్నాడు.

"నేనాయన కోసం ఎదురుచూశాను తెలుసా. ఆసుపత్రిలో చెప్పి పెట్టాను, తోటపని చేసే పెద్దాయన వస్తాడు, లైన్లో నిలబెట్టకుండా పంపండి అని. సరే, ఫోన్ చేశావు. జబ్బు చెప్పావు. తగ్గిపోయిందని ఎందుకన్నావురా? ఇంకేదైనా అనొచ్చుగా. వాన గురించి మాట్లాడొచ్చుగా."

"ఆ గొంతెవరిది?" అన్నాడు చిన్న టైరు. ఆయాసపడుతున్నాడు. "ఎక్కడో దొంగిలించే ఉంటావు."

"మా తాతది" అన్నాడు చిలక. "అమ్మ వాళ్ళ నాన్న. ఆయనకి నిజంగానే చెయ్యి తిమ్మిరెక్కింది. మూతి పక్కకి పోయింది. నేను ఎదురుగానే ఉన్నాను. చెయ్యి దులుపుకుని, పోయిందిరా అని నవ్వాడు. నేనూ నవ్వాను. తెల్లారేసరికి మాట పడిపోయింది. పోయినేడు. అప్పట్నుంచి మంచమే."

ఎర్రబల్బు వెలుగుతోంది. ఒక్క ఫోన్ లైటు కూడా కొత్తగా వెలగలేదు. ఊరు ఊరంతా ఫోను చెయ్యడం మానేసి వింటున్నట్టుంది.

"మరి రేడియోలో తగ్గిపోయిందన్నావు."

"అక్కడైనా తగ్గనిద్దామనిపించింది."

డాక్టరు కుర్చీలో కూర్చుండిపోయాడు. ప్రశ్నలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చిన్న టైరు మొహంలో ఏదో కదిలింది. దయ అని చిలక ఆశపడ్డాడు. కాదు.

"మీ తాతకి తగ్గించుకోవడానికి మా అన్నకి అంటించావు" అన్నాడు చిన్న టైరు, చాలా నెమ్మదిగా. వంగి కడ్డీ తీసుకున్నాడు. "నీకు గొంతుంటేనే కదరా ఇన్ని నాటకాలు."

ఎడమ చేత్తో చిలక గడ్డం పైకెత్తి, కడ్డీ మొన గొంతు గుంట మీద పెట్టాడు. చల్లగా ఉంది. టైరు ఊడదీసేటప్పుడు అంచు దొరికిందా లేదా అని చూసుకున్నట్టు కొద్దిగా నొక్కి చూశాడు. చిలకకి ఊపిరి అక్కడే ఆగింది.

గది నిశ్శబ్దమైపోయింది. రేడియోవాళ్ళకి చావు కంటే నిశ్శబ్దం భయం. ప్రశ్నలమ్మ చెయ్యి అలవాటు ప్రకారం దానంతట అదే వెళ్ళి, ఆరిపోకుండా మిగిలిన ఒకే ఒక్క లైటు మీద మీట నొక్కింది.

ముందు గరగర వినిపించింది. తర్వాత గొంతు. మాట కాదు, పాట. చిలక కట్టిన పాటే. అడగండి అడగండి రాగమే. మాటలు మాత్రం వేరు.

"నేనే... నేనే... తోట తాతను నేనే..."

ముక్కలు ముక్కలుగా, ఒక్కో మాట రాయి మోసినట్టు. కానీ అదే గొంతు. చిన్న టైరు చిలక పెదవుల వైపు చూశాడు. కడ్డీ కింద అవి కదలడం లేదు.

డాక్టరు లేచి నిలబడ్డాడు. విరిగిన వేలు మర్చిపోయి రెండు చేతులూ బల్లమీద ఆనించాడు. "పాడుతున్నాడు" అన్నాడు గుసగుసగా. "అమ్మా, ఆయన పాడుతున్నాడు."

ఫోన్లో వెనక ఒక ఆడగొంతు ఏడుస్తోంది. చిలక అమ్మ. ఏడుస్తూ నవ్వుతోంది, నవ్వుతూ ఫోను లాక్కోబోతోంది. "నాన్నా, నీకు పలికింది, నాన్నా... వద్దు, ఇంక చెప్పకు, పెట్టెయ్యి... బాబూ, మావాణ్ణి ఏం చెయ్యకయ్యా, నీకు దండం పెడతాను..."

గొంతు ఆగలేదు. ఏడాది మూసి ఉంచిన కుళాయి తిప్పినట్టు, ఒక్కో చుక్కే, రాగం తప్పకుండా.

"పిల్లాణ్ణి... వదులు... నా దగ్గరికి రా... నీళ్ళ ట్యాంకు... వెనక వీధి... నీలం... నీలం తలుపు..."

ఆ గొంతు మళ్ళీ వినాలని చిలక ఏడాదిగా చెయ్యని పని లేదు, తనే ఆ గొంతైపోవడంతో సహా. ఇప్పుడది వినిపిస్తోంది. కడ్డీ కింద నుంచి, చీలిన పెదవితో, మిగిలిన ఊపిరంతా పోగుచేసుకుని అతను తాతతో అన్న మొదటి మాట ఇది:

"తాతా, మాట్లాడకు."

చిన్న టైరు కడ్డీ తీశాడు. పోలీసుల బూట్ల చప్పుడు కింది మెట్ల మీద వినిపిస్తోంది. వాడు వెనకవైపు ఇనప మెట్ల తలుపు చూశాడు. పొద్దున అన్నని మోసిన భుజం మీదే చిలకని వేసుకుని, రక్తం కారుతున్న చేత్తో మైకు దగ్గరికి లాక్కుని, పెద్దవాళ్ళతో మాట్లాడే మర్యాదతో అన్నాడు:

"వస్తున్నాం తాతా. ఇద్దరం వస్తున్నాం. తలుపు తీసే ఉంచండి, ఇంకోటి విరగ్గొట్టే ఓపిక లేదు."